ఒక గుర్తుకి ఒకే ఇల్లు

ఆ వీధిలో లాండ్రీ అక్క తెలియనివాళ్ళు ఎవరైనా ఉన్నారంటే వాళ్ళు నిన్ననో మొన్ననో దిగినవాళ్ళే అయ్యుండాలి. మందుల షాపుకీ వాచీలు బాగుచేసే షాపుకీ మధ్య ఇరుకిరుగ్గా ఉంటుంది ఆమె లాండ్రీ. ముందు గదిలో రెండు ఇస్త్రీ బల్లలు, గోడ పొడుగునా చెక్క అరలు. వెనక గదిలో ఉతికే యంత్రం, బాయిలరు, ఆ బాయిలరు పక్కన ఆమె మొగుడు. ఆయన నోరు విప్పేది తక్కువ. పెళ్ళయిన కొత్తలో ఆయన్ని చూసి కొందరు మూగవాడనే అనుకున్నారట. "మాట్లాడే పని కూడా నేనే చూసుకుంటున్నా కదా, పాపం ఆయనకెందుకు శ్రమ" అనేది అక్క.

ఆ పని ఆమె బాగానే చూసుకునేది. యాభై అయిదేళ్ళ మనిషి. నోరు ఒక్క క్షణం ఊరుకోదు, చెయ్యి అసలే ఊరుకోదు. ఎవరి చొక్కా ఎన్నేళ్ళది, ఎవరి ప్యాంటు నడుం దగ్గర ఎన్నిసార్లు వదులు చేయించారు, కోటు లేకుండా గడప దాటని ఏ పెద్దమనిషి బనియనుకి ఎన్ని చిల్లులు, అన్నీ ఆమెకి తెలుసు. తెలిసినా ఎవరి సంగతీ బయటపెట్టదు. కానీ ఫలానావాడు ఎలాంటివాడు అని అడిగితే మాత్రం తీర్పు చెప్పడానికి వెనకాడదు. "మొహాలు చూసి నాకేం తెలుస్తుందయ్యా, మూట విప్పనీ, చెప్తా" అనేది.

ఇక ఆమె అసలు గర్వం వేరే ఉంది. ముప్పై ఏళ్ళలో ఆ షాపులో ఒక్క గుడ్డ మారలేదు. చీటీలు కట్టడం, ఇంకుతో నంబర్లు రాయడం ఆమెకి గిట్టదు. కాలర్ లోపల, ప్యాంటయితే నడుం పట్టీ లోపల, రంగు దారంతో చిన్న చిన్న కుట్లు వేస్తుంది. రెండు ఎర్రవి, ఒక పసుపు అంటే మందుల షాపు వాళ్ళు. మూడు నల్లవి అంటే హెడ్‌మాస్టరు గారు. ఒక గుర్తుకి ఒకే ఇల్లు. ఏ గుర్తు ఎవరిదో అట్ట ఊడిన ఒక నోటుపుస్తకంలో రాసి ఉంటుంది. ఎవరైనా ఊరొదిలి వెళ్ళిపోతే వాళ్ళ పేరు కొట్టేసి, ఆ గుర్తుని కొత్తగా వచ్చినవాళ్ళకి ఇచ్చేస్తుంది, మంచి గుర్తుని ఊరికే పోనివ్వడం ఎందుకని. కొంప ముంచింది ఆ పొదుపే.

ఆ ఏడు ఊళ్ళో ఛైర్మన్ ఎన్నికలొచ్చాయి. పాత ఛైర్మన్ మళ్ళీ నిలబడ్డాడు. ఆయన మీద కండక్టరు నిలబడ్డాడు. పాతికేళ్ళు బస్సుల్లో టిక్కెట్లు కోసి, యూనియన్ పనులు చూసి రిటైరైన మనిషి. భార్య పోయింది, పిల్లల్లేరు. మందుల షాపు పై గదిలో అద్దెకుండేవాడు, బావమరిదితో కలిసి. ఆ బావమరిదికి నలభై దాటాయి, పెళ్ళి లేదు. సొంత అక్క చనిపోయినా బావని వదిలిపెట్టకుండా వంటా వార్పూ చూసుకుంటూ అక్కడే ఉండిపోయాడు. వీధిలో చిన్నా పెద్దా అందరూ అతన్ని 'బావమరిదీ' అనే పిలిచేవాళ్ళు. "ఊరందరికీ బావమరిదినే గానీ పిల్లనిచ్చేవాడు ఒక్కడూ లేడక్కా" అని అతనే నవ్వించేవాడు. కాస్త మతిమరుపు, కాస్త గాలివాటం. బట్టల మూట తెచ్చేదీ తీసుకెళ్ళేదీ అతనే.

కండక్టరు నిలబడింది ఒక్క మాట మీద. ఏడాదిన్నర కిందట ఊళ్ళో నాలుగంతస్తుల మేడ పట్టపగలు కూలిపోయి పదకొండు మంది చచ్చిపోయారు. అది కట్టినవాణ్ణి అందరూ మేడలాయన అంటారు, ఊళ్ళో సగం మేడలు అతనివే కాబట్టి. అతను కొన్నాళ్ళు జైల్లో ఉండి బెయిలు మీద వచ్చాడు. ఆ మేడకి అనుమతి సంతకం పెట్టింది పాత ఛైర్మన్. "నేను గెలిస్తే ఆ ఫైలు మళ్ళీ తెరిపిస్తా" అన్నాడు కండక్టరు.

పాత ఛైర్మన్ మనుషులు ఊరుకుంటారా? తవ్వారు. కండక్టరూ మేడలాయనా ఒకే బడిలో ఒకే బెంచీ మీద చదివారట! మేడలాయన కూతురి పెళ్ళికి కండక్టరు వెళ్ళాడట, ఫొటో కూడా ఉందట! కండక్టరు మైకు ముందుకొచ్చి, "అవును, ఒకే బడి. పెళ్ళికీ వెళ్ళాను, భోంచేసి వచ్చాను. అప్పటికి ఆ మేడ కూలలేదు" అన్నాడు. ఆ మాటతో ఊరు రెండుగా చీలిపోయింది. ఒకళ్ళు నిజాయితీ అన్నారు, ఒకళ్ళు నాటకమన్నారు.

లాండ్రీ ముందు బల్ల మీద రోజూ ఇదే రచ్చ. మందుల షాపాయన చెయ్యి తిప్పుతూ, "అంతా వేషమండీ! అరిగిపోయిన చెప్పులు, పాత సంచీ, ఓట్లయ్యేదాకా ఇలాగే ఉంటారు. లోపల మేడలాయనతో చేతులు కలిపే ఉంటాడు" అన్నాడు.

అక్క ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టింది. కండక్టరు చొక్కా ఒకటి తీసి కాలర్ తిప్పి చూపించింది. "చూడవయ్యా. పైన అరిగిపోతే విప్పించి, తిరగేసి కుట్టించాడు. ఇలాంటివి నాలుగు. వేషం వేసేవాడైతే చిరుగు అందరికీ కనపడేట్టు ఉంచుకుంటాడు. ఎవరికీ కనపడకుండా తిరగేయించుకోవలసిన ఖర్మ ఏంటి? ఈ మనిషి నిజం."

అక్క మాట ఆ వీధికి కోర్టు మాట. ఆ సాయంత్రానికి నాలుగు వీధులకి పాకింది, లాండ్రీ అక్క కాలర్ చూసి చెప్పిందట అని. ఆమెకి లోలోపల పొంగిపోయినట్టుంది, ఉండదా మరి!

ఇప్పుడు ఆ గుర్తు సంగతి. రెండు ఆకుపచ్చ కుట్లు, ఒక నల్ల కుట్టు. అది ఒకప్పుడు మేడలాయన ఇంటి గుర్తు. మేడ కూలాక ఆ ఇల్లు తాళం పడింది, మూటలు రావడం మానేశాయి. ఇక రారులే అని పేరు కొట్టేసి, ఆ గుర్తుని అప్పుడే కొత్తగా మూటలు వేస్తున్న కండక్టరుకి ఇచ్చింది. ఏడాది గడిచాక, ఎన్నికలకి రెండు నెలల ముందు, మేడలాయన వాళ్ళు తిరిగొచ్చి ఇల్లు తెరిచారు. డ్రైవరు మూట తెచ్చి పడేశాడు. విప్పి చూస్తే పాత చొక్కాల నిండా రెండు ఆకుపచ్చలు, ఒక నలుపు.

ఆ రోజే కూర్చుని విప్పేసి కొత్త గుర్తు వెయ్యాలి. ఒకరు చెప్పాలా, ఆమెకి తెలీదా? డెబ్భై ఎనభై బట్టలు. రేపు చూద్దాంలే అనుకుంది. నోటుపుస్తకంలో కండక్టరు పేరు పక్కనే మేడలాయన పేరు మళ్ళీ రాసి ఊరుకుంది. మొగుడు చూసి, "రెండిళ్ళకీ ఒకటే అయింది" అన్నాడు. ఆయన అంత పొడుగు మాట మాట్లాడటమే అరుదు. "ఆ పట్టు చొక్కాలకీ ఈ తిరగేసిన కాలర్లకీ తేడా నా చేతికి తెలీదా ఏంటి? కళ్ళు మూసుకుని చెప్తా" అంది అక్క.

కళ్ళు మూసుకోకుండానే తప్పింది. ఆసుపత్రి దుప్పట్లు నూటయాభై ఒక్కసారి వచ్చిపడిన రోజు అది. బయట వాన, లోపల ఆవిరి, ఆమె నడుం విరిగిపోతోంది. మేడలాయన డ్రైవరు వీధిలో హారన్ కొడుతున్నాడు. అరలోంచి తీసి తీసి మూట కట్టి పడేసింది. నాలుగు రోజులకి బావమరిది వచ్చి తన మూట లెక్కపెట్టుకుని, "అక్కా, నీలి చారలది లేదు. ఏడు వేశాను, ఆరే ఉన్నాయి" అన్నాడు.

"నువ్వు వేసిందే ఆరు. ఇంట్లో ఏ మంచం కిందో పడేసుంటావు, వెళ్ళి వెతుక్కో" అని కసిరింది. అతను తల గోక్కుంటూ వెళ్ళిపోయాడు. అతను మెట్లెక్కి ఉంటాడో లేదో, ఆమెకి చల్లగా తట్టింది. నీలి చారల చొక్కా తన చేత్తోనే ఇస్త్రీ చేసింది. ఎటు పోయిందో కూడా తెలిసిపోయింది. రేపు డ్రైవరు వస్తే నెమ్మదిగా అడిగి తెప్పిద్దాం, ఎవరికీ తెలియక్కర్లేదు అనుకుంది.

డ్రైవరు రాలేదు. చొక్కా వచ్చింది, పాత ఛైర్మన్ సభలోకి.

కండక్టరు పోస్టర్లలో వేసుకున్నది ఆ నీలి చారల చొక్కాయే. ఊళ్ళో ప్రతి గోడ మీదా ఉంది. దాన్ని వేదిక మీద ఎత్తి పట్టుకుని, "ఇది మేడలాయన ఇంట్లో, మేడలాయన అల్మారాలో దొరికింది! ఫైలు తెరిపిస్తానన్న పెద్దమనిషి కాపురం ఎక్కడో చూసుకోండి!" అన్నారు. డ్రైవరే ఇచ్చాడట. దానితోపాటు మేడలాయన చొక్కా కూడా ఒకటి తెచ్చి, రెండు కాలర్లూ తిప్పి చూపించారు. రెండింటి మీదా అవే కుట్లు.

మర్నాడు పొద్దున్నే కేబుల్ టీవీ అమ్మాయి కెమెరాతో లాండ్రీకి వచ్చింది. వెనకాల ముప్పై మంది జనం. వాళ్ళలో ఆసుపత్రి హెడ్ నర్సు కూడా ఉంది, దుప్పట్లు ఎంతవరకూ వచ్చాయో కనుక్కుందామని వచ్చి, గుంపు చూసి ఆగిపోయింది.

"అక్కా, ఈ కుట్లు మీవేనా?"

"మావే."

"రెండు చొక్కాల మీదా ఒకే గుర్తుంది. మీరు రెండిళ్ళకి ఒకే గుర్తు వేస్తారా? ఎప్పుడైనా బట్టలు మారిపోతుంటాయా?"

పొరపాటైందమ్మా, నాదే తప్పు. అంతే. చిన్న మాట. నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ హెడ్ నర్సు కళ్ళు ఆమె మీదే ఉన్నాయి, మందుల షాపాయన మెడ సాచి చూస్తున్నాడు, ముప్పై ఏళ్ళుగా ఎవరూ ఆమెని ఆ ప్రశ్న అడగలేదు. ఒళ్ళు మండింది. ఎవరి మీదో కూడా తెలియని మంట.

"మా షాపులో ఒక గుర్తుకి ఒకే ఇల్లు. ముప్పై ఏళ్ళలో ఒక్క గుడ్డ మారలేదు, కావాలంటే వీధిలో ఎవర్నైనా అడుక్కో!"

వెనక గదిలో బాయిలరు చప్పుడు ఆగిపోయింది. టీవీ అమ్మాయి కెమెరా వైపు తిరిగి, "విన్నారుగా" అంది. రోజంతా అదే మాట తిప్పి తిప్పి వేశారు. కాలర్ చూసి కండక్టరుని నిజమన్న మనిషే అతన్ని పట్టించిందని ఊరంతా చెప్పుకుంది.

కండక్టరు సాయంత్రం స్వయంగా వచ్చాడు. మనిషి ఒక్కరోజులో వాడిపోయాడు. కేకలేస్తాడేమో అనుకుంది. కేకలేసినా బాగుండేది. గౌరవంగా నిలబడి అడిగాడు.

"అక్కా, మీరు అబద్ధం చెప్పరని నాకు తెలుసు. అందుకే మిమ్మల్నే అడుగుతున్నా. మావాడు లాండ్రీలోనే మారిపోయుంటుంది బావా అంటున్నాడు. వాడికీ ఆ డ్రైవరుకీ క్యారమ్స్ స్నేహం. ఆటలో పడి లేవడం బద్ధకమై, మా బట్టలు ఆ డ్రైవరు మూటలో కలిపి పంపించేవాడా? అందుకే ఒకే గుర్తు పడిందా?"

చూడండి, ఆ పిచ్చి మనిషి తనే దారి చూపించాడు. ఆమె అబద్ధం ఆడక్కర్లేదు, ఊఁ అంటే చాలు. ఊఁ కూడా అనలేదు. "వందిళ్ళ బట్టలు తమ్ముడూ, ఎవరు ఎలా తెచ్చారో నాకెలా గుర్తుంటుంది" అని చేతిలో ఉన్న దిండు గలీబుని మళ్ళీ మడతపెట్టింది. అతను తల ఊపి, "అర్థమైందిలెండి" అని వెళ్ళిపోయాడు. ఆమె ఆ గలీబుని ఎన్నిసార్లు మడిచి విప్పిందో ఆమెకే తెలీదు.

ఆదివారం కండక్టరు మార్కెట్ దగ్గర సభ పెట్టాడు. లాండ్రీ గుమ్మంలోకి మైకు స్పష్టంగా వినపడుతుంది. "తప్పు మా ఇంట్లోనే జరిగింది. మా బావమరిది నాకు తెలియకుండా మేడలాయన మనుషులతో స్నేహం చేశాడు. వాడు నా భార్య తమ్ముడు, నేను చేతులారా పెంచినవాడు. అయినా సరే, ఈ రోజు నుంచి వాడు నా గదిలో ఉండడు, నాతో తిరగడు" అన్నాడు. చప్పట్లు, ఆగని చప్పట్లు!

మందుల షాపాయన పరుగున వచ్చి, "అక్కా, నువ్వే రైటు! సొంత మనిషినే బయటికి పంపించాడంటే ఇంక ఏం కావాలి? నా ఓటు ఆయనకే" అన్నాడు. ఊరంతా అదే పాట. అంతకుముందు నమ్మనివాళ్ళు కూడా నమ్మారు. ఏం పాపం చేశాడని ఆ బావమరిదిని వీధిలో పడేశారో, ఆ పాపమే బావకి ఓట్లు తెచ్చిపెడుతోంది. ఈ సంగతి ఆ ఊళ్ళో ఇద్దరికే తెలుసు, అందులో ఒకడు మాట్లాడడు.

సోమవారం బావమరిది వచ్చాడు. బస్సు డిపో వెనక ఎవరి గదిలోనో పడుకుంటున్నాడట. గడ్డం మాసిపోయింది.

"అక్కా, ఆ రోజు నేను ఏడు వేశాను కదా? మీరు లెక్కపెట్టారు కదా? ఒక్కసారి గుర్తు తెచ్చుకోండి. బావ నా మాట వినట్లేదు, మీరు చెప్తే వింటాడు."

ఆమె అతని మొహంలోకి చూడలేక బల్ల మీదున్న చొక్కా మీద నీళ్ళు చిలకరించింది. "నాకు గుర్తు లేదు నాయనా."

అతను వేళ్ళ మీద ఏదో లెక్కపెట్టుకున్నాడు. తర్వాత నెమ్మదిగా, "మీకే గుర్తు లేదంటే ఆరే వేసుంటాను. నా బుర్ర సంగతి తెలిసిందేగా" అని నవ్వబోయాడు. ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది. అతను వెళ్ళాక ఆమె హెడ్‌మాస్టరు గారి చొక్కా వీపు మీద ఇస్త్రీ పెట్టె మర్చిపోయింది. కమురు వాసన వచ్చాకగానీ చూసుకోలేదు.

మధ్యాహ్నం అన్నం ముందు కూర్చుంటే మొగుడు తలెత్తకుండానే, "వాడికి ఇంకెవరున్నారు?" అన్నాడు.

అక్క విరుచుకుపడింది. "అయితే ఏం చెయ్యమంటావు? ఇప్పుడు చెప్తే కండక్టరు ఓడిపోడూ? అమాయకుణ్ణి వెళ్ళగొట్టి చప్పట్లు కొట్టించుకున్నాడని ఆ పాత ఛైర్మన్ ఊరంతా తిప్పడూ? ఆ పదకొండు మంది ఉసురు ఎవరు చూస్తారు? ఎన్నికలు గడవనీ, చెప్తా!" అంది. ఎంత బాగా అతికిందో ఆ సాకు! ఆసుపత్రి దుప్పట్లు పోతాయన్న భయం, పరువు పోతుందన్న భయం, అన్నీ పోయి పదకొండు మంది చచ్చినవాళ్ళ వెనక దాక్కున్నాయి. ఆమెకి అదీ తెలుసు. కంచం తోసేసి ఏడ్చింది. ఆయన ఓదార్చలేదు. కంచం తీసి పక్కన పెట్టాడంతే.

ఆ పై ఆదివారం ఓట్లు లెక్కపెట్టారు, కండక్టరు గెలిచాడు. బాగా గెలిచాడు. ఊరేగింపు లాండ్రీ ముందు నుంచే వెళ్ళింది. కారు మీద నిలబడి అతను ఆమెకి రెండు చేతులూ జోడించాడు. ఆమె కూడా జోడించింది, ఏం చేస్తుంది మరి.

మర్నాడు సోమవారం. నోటుపుస్తకం సంచీలో పెట్టుకుని పై గదికి వెళ్ళింది. కండక్టరు ఒక్కడే లేడు, పార్టీ సెక్రటరీ కూడా ఉన్నాడు. పొయ్యి మీద టీ పొంగి కారిపోయి ఉంది, తుడిచేవాళ్ళు లేరు. ఆమె కూర్చోకుండానే మొదలుపెట్టి, పుస్తకం తెరిచి ఒకే గుర్తుకి ఎదురుగా ఉన్న రెండు పేర్లూ చూపించి, వానరోజు సంగతి, హారన్ సంగతి, ఆరు ఏడు సంగతి మొత్తం చెప్పేసింది.

కండక్టరు ఆ పేజీని చాలాసేపు చూశాడు. "మీకు ఎప్పుడు తెలుసక్కా?"

"మొదటి రోజే."

"నేను వచ్చి అడిగిన రోజు?"

"ఆ రోజూ తెలుసు."

"వాడు చెప్పాడక్కా నాకు. లాండ్రీలో మారుంటుంది బావా అని నా కాళ్ళ దగ్గర కూర్చుని చెప్పాడు. నేను వాణ్ణి నమ్మలేదు. మిమ్మల్ని నమ్మాను."

తిట్టినా అంత తగిలేది కాదు. కండక్టరు ఫోన్ తీశాడు, బావమరిది నంబరు కోసమే. సెక్రటరీ ఆ చెయ్యి మీద చెయ్యి వేశాడు. "ఒక్క నిమిషం ఆగండి. శుక్రవారం మీ ప్రమాణస్వీకారం. ఇప్పుడిది బయటికొస్తే మిమ్మల్ని చూసి మురిసిపోయి ఓటేసినవాళ్ళే నవ్వుతారు. వాడికి చెప్తే వాడు ఊరుకుంటాడా? నలుగురికీ చెప్పుకుంటాడు. ఫైలు తెరవాలా వద్దా?"

కండక్టరు ఫోన్ వంక చూశాడు. సెక్రటరీ వంక చూశాడు. తర్వాత ఫోన్ బల్ల మీద బోర్లా పెట్టేశాడు.

"వాడికి నేను నెమ్మదిగా చెప్తాలెండి. కొన్నాళ్ళు పోనీండి. మీరు మాత్రం ఎవరితోనూ అనకండక్కా."

ఆ మాట వినగానే ఆమెకి ముందు కలిగింది ఏంటో తెలుసా? హమ్మయ్య అనిపించింది. షాపు నిలబడుతుంది, పేరు నిలబడుతుంది, చెప్పవలసినవాళ్ళకి చెప్పేశాం. మూడో మెట్టు దిగేదాకా ఆ హాయి ఉంది. మూడో మెట్టు మీద ఆగిపోయింది. కొన్నాళ్ళు పోనీండి. ఆ మాట ఎక్కడిది? రేపు చూద్దాంలే, ఎన్నికలు గడవనీ అన్న తన నోట్లోదే. నిక్కమైన మనిషని ఊరంతటికీ తనే చాటింది, ఆ మనిషి నోట్లో ఆ మాట పెట్టిందీ తనే. ఛీ, నా బతుకు చెడ అనుకుంది. అయినా గడప దాటి వెళ్ళి ఎవరికీ చెప్పలేదు. మంగళవారం చెప్పలేదు. బుధవారం చెప్పలేదు. కండక్టరు ఫోన్ చేసే ఉంటాడులే అనుకుంది.

గురువారం మధ్యాహ్నం బావమరిది వచ్చాడు. భుజాన సంచీ. గడ్డం గీసుకున్నాడు.

"అక్కా, ఒక్క చొక్కా ఇస్త్రీ చేసిస్తారా? మూడింటి బస్సుకి వెళ్ళిపోతున్నా. పక్క ఊరి డిపోలో టైర్ల పని ఇస్తామన్నారు. మొదటి రోజు కాస్త మనిషిలా కనపడాలి కదా."

ఆమె చొక్కా తీసుకుని బల్ల మీద పరిచింది. ఇస్త్రీ మొదలుపెట్టింది. "మీ బావకి చెప్పావా?"

"ఎందుకులెండి. ఛైర్మన్ గారు ఇప్పుడు. నా వల్ల ఇప్పటికే చాలైంది." అతను బల్ల అంచు మీద గోటితో గీస్తూ, "నేను చాలా ఆలోచించానక్కా. ఇంతమంది అంటున్నారంటే నాదే తప్పయ్యుంటుంది. డ్రైవరుతో ఆడుతూ ఆడుతూ ఆ మూట ఎక్కడో కలిపేసుంటాను. నాకు గుర్తులేదు గానీ, చేసే ఉంటాను. పోనీలెండి, బావ గెలిచాడు, అది చాలు" అన్నాడు.

అక్క ఇస్త్రీ పెట్టె నిలబెట్టి స్విచ్చి ఆపేసింది.

"నువ్వేం చెయ్యలేదు నాయనా. నువ్వు ఏడే వేశావు. మేడలాయన మూటలో పడేసింది నేను. రెండిళ్ళకీ ఒకే గుర్తు వేసింది నేను. టీవీ ముందు అబద్ధం చెప్పింది నేను. నువ్వు అడిగితే గుర్తులేదన్నదీ నేనే. నీ బతుకు ఆగం చేసింది నేనేరా."

అతను నవ్వాడు. "ఊరుకోండక్కా, నన్ను ఓదార్చడానికి..." అని ఆమె మొహం చూసి ఆగిపోయాడు. తిడతాడని చూసింది. ఆ బల్ల మీదున్నవన్నీ ఎత్తి వీధిలో విసిరేస్తాడని చూసింది, విసిరేస్తే బాగుండునని కూడా అనుకుంది. అతని మొహం మాత్రం మెల్లగా విప్పారింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"అయితే నేను కాదన్నమాట. నేను కాదక్కా! అబ్బ, నేను కాదు!" మోచేత్తో కళ్ళు తుడుచుకున్నాడు. "పదండక్కా, బావకి చెబుదాం. ఇప్పుడే. బస్సు పోతే పోయింది. ఈ సంగతి తెలిస్తే బావ పరిగెత్తుకొస్తాడు, నాకు తెలుసు ఆయన సంగతి. పాపం ఆయనకి తెలీదు కదా. ఆయనకి తెలీదు కదా అక్కా?"

తెలీదు అంటే చాలు. ఈసారి తనకోసం కూడా కాదు, వాడి కోసం. ఆ మొహంలో వచ్చిన వెలుగు ఆరిపోకుండా ఉండటం కోసం ఒక్క చిన్న అబద్ధం. ఇన్ని ఆడిన నోటికి అదో లెక్కా?

"తెలుసు నాయనా" అంది. "నేనే చెప్పాను."

"ఎప్పుడు?"

"సోమవారం."

అతను జేబులోంచి ఫోన్ తీసి చూసుకున్నాడు. వచ్చిన కాల్స్ వేలితో పైకీ కిందకీ జరిపి చూశాడు. సోమ, మంగళ, బుధ అని పెదాలు కదిలాయి, చప్పుడు రాలేదు. ఫోన్ జేబులో పెట్టుకుని, బల్ల మీద సగం ఇస్త్రీ అయిన చొక్కాని తీసి, అలాగే తొడుక్కుని, బొత్తాలు పెట్టుకోవడం మొదలుపెట్టాడు.

"ఉండు నాయనా, ఇంకో చెయ్యి మిగిలిపోయింది" అంది అక్క.

"బస్సుకి వేళయిందక్కా" అన్నాడు అతను.